కాగు పిట్ట రెండో కన్ను

మా ఇంట్లో తయారయ్యే పక్షులకు రెక్కలు, తోకలు, ముక్కులు అన్నీ నేనే వేస్తాను. కన్ను మాత్రం మా మామ నాగయ్య వేస్తాడు. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే మా ఇంటి పద్ధతి అది. కన్ను ఇంటి పెద్ద చెయ్యే పెట్టాలి. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ పద్ధతి మీద నాకున్న మంట అంతా ఇంతా కాదు. చాకిరీ నాది, పేరు ఆ ఒక్క చుక్కది!

కరీంనగర్‌లో కరుణాకర్ సార్ అని ఒక టీచరు ఉన్నాడు. దీవుల్లో తప్ప ఎక్కడా దొరకని పక్షుల స్టాంపులు పోగుచేయడం ఆయన పిచ్చి. ఆమధ్య ఒక స్టాంపు తెచ్చి, అచ్చం అలాంటి బొమ్మే కావాలన్నాడు. స్టాంపుల ప్రదర్శనలో రెండూ పక్కపక్కన పెడతాడట. ఆ పక్షి పేరు కాగు. పసిఫిక్ సముద్రంలో న్యూ కాలెడోనియా దీవిలో తప్ప ఇంకెక్కడా లేదట. రెక్కలున్నా ఎగరలేదట.

భూతద్దం పెట్టి చూస్తే నాకు మతి పోయింది. అంత చిన్న కాగితం మీద బూడిదరంగు ఈకలు, తల మీద కుచ్చు, ఎర్రటి కన్ను. ఆ కంట్లో మళ్లీ సన్నటి వెలుగు! గీసిన మహానుభావుడెవరో గానీ ఆ చేతికి దండం పెట్టాలనిపించింది. మామ కూడా అద్దం వదల్లేదు.

"ఏం పనితనం బిడ్డా! గింత జాగల పిట్టను బతికిచ్చిండు" అన్నాడు.

సార్ వచ్చే రోజుకు బొమ్మకు కళ్లే మిగిలాయి. మామ కుంచె పట్టాడు. ఈమధ్య ఆయన చెయ్యి వణుకుతోంది. ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తం. ఎడమచేత్తో మణికట్టు బిగబట్టి, ఊపిరి ఆపి, స్టాంపులో కనిపించే వైపు కన్ను వేశాడు. అద్భుతంగా వచ్చింది. బొమ్మను రెండోవైపు తిప్పి, ఆగిపోయాడు.

"నా చెయ్యి మల్ల గట్ల నిలబడది. గీ కన్ను నువ్వెయ్యి."

ఇన్నేళ్లు కోరుకున్నది చేతికొచ్చింది. కానీ తేడా వస్తే పిట్టకు మెల్లకన్ను, మామ పడ్డ కష్టం బూడిదపాలు. నేను స్టాంపు చూడలేదు. మామ వేసిన కన్నునే తిప్పి తిప్పి చూసుకుంటూ వేశాను.

సాయంత్రం సార్ వచ్చి బొమ్మను చూసి మురిసిపోయాడు.

"ఒక కన్ను నాది, ఒకటి నా కోడలిది. ఏది ఎవలదో చెప్పుండ్రి సూద్దాం" అన్నాడు మామ.

సార్ అటూ ఇటూ తిప్పి, నేను వేసిన కన్ను మీద వేలు పెట్టాడు. "గిది నీదే నాగయ్యా. పెద్ద చెయ్యి తెలుస్తలేదా?"

నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "ఔ సార్, గదే నాది."

నాకు ఒళ్లు మండిపోయింది. సార్ గడప దాటగానే అడిగేశాను. "అబద్ధమెందుకాడినవ్ మామా?"

ఆయన నవ్వలేదు.

"గసొంటి కన్ను నాదని ఒక్కసారన్న చెప్పుకోవాల్ననిపిచ్చింది బిడ్డా."