కలిపేసిన మందు

…అరవై రెండు, కాదు అరవై మూడు, మా వీధి వెంకటదుర్గ కూతురికి ఆ వర్షాల జ్వరంలో ఇంజక్షను మూడు రోజులు వేశానో నాలుగు రోజులు వేశానో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఒక మనిషి ఒంట్లోకి మందు పంపి, పంపానో లేదో మర్చిపోవడం ఏమిటి అని నన్ను నేనే నిలదీసుకుంటూ, వంటింటి గట్టు దగ్గర నిలబడి, వేలెడంత సీసాలో తెల్లటి పొడి నీళ్ళలో కరిగేదాకా రెండు అరచేతుల మధ్య దొర్లిస్తున్నాను. పక్కన పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ముందుగదిలో మంచం మీద అచ్చిబాబు గారు కూర్చుని ఉన్నారు. మా ఆయన సత్యప్రసాద్ పనిచేసే మెడికల్ షాపు ఆయనదే. నిన్న షట్టర్ దించుతుంటే అంచు తగిలి పాదం చీరుకుపోయింది, ఇవాళ పొద్దుటికి వాచింది. ఆదివారం డాక్టరు గారు దొరకరు, దొరికినా టెస్టులంటారు. అందుకని షాపులోంచి యాంటీబయాటిక్ ఇంజక్షను తనే జేబులో వేసుకుని తిన్నగా మా ఇంటికి వచ్చేశారు. "మా వేణి ఉండగా ఆస్పత్రెందుకండీ" అన్నారు మా ఆయన ఫోనులో, నేను వింటుండగానే, నన్ను అడక్కుండానే. పొడి ఎప్పుడో కరిగిపోయింది. నా చేతులు మాత్రం దొర్లించడం మానలేదు.

గుచ్చడం నాకు పెళ్ళికి ముందే వచ్చు. ఇంటర్ అయ్యాక ఒక చిన్న క్లినిక్కులో పనిచేసినప్పుడు కాంపౌండరు నేర్పాడు. గుచ్చడం ఒక్కటే నేర్పాడు. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు తలుపులమ్మ గారికి కాళ్ళ తిమ్మిర్లకి బలం ఇంజక్షను వేశాను. "నొప్పే తెలీలేదే, చెయ్యి మంచిది" అన్నారు. ఈ ఇంట్లో నేను విన్న మొదటి మెప్పు అది. దానికి ఎంత పొంగిపోయానో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ తర్వాత పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, నీరసమని సెలైన్ పెట్టించుకోడానికి వచ్చేవాళ్ళు. మా ఆయన కౌంటరు దగ్గర మందు చేతికిస్తూ, "వేయించుకోడానికి ఎక్కడికో ఎందుకండీ, మా ఆవిడుంది" అని పంపేవారు. కొత్త సంవత్సరానికి క్యాలెండరు ఇచ్చినట్టు, ఆ షాపు మందుతో పాటు నా చెయ్యి ఉచితం. డ్యూటీ నుంచి వచ్చి బ్యాగు భుజం మీంచి దించకముందే ఎవరో ఒకరు చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చుని ఉండేవారు. "పాపం అరగంట నుంచీ చూస్తున్నారు, వాళ్ళ సంగతి చూసి ఆనక కాళ్ళు కడుక్కుందువుగాని" అనేవారు అత్తగారు. వచ్చినవాళ్ళు మొహమాటపడితే తనే సర్దిచెప్పేవారు: "పర్లేదులెండి, పిల్లాజెల్లా లేదు, ఖాళీయే కదా."

తమాషా ఏమిటంటే నేను పనిచేసే ఆస్పత్రిలో నేను సూది ముట్టుకోకూడదు. నర్సింగ్ అసిస్టెంట్ అని నా కార్డు మీద ఉంటుంది, వార్డులో మాత్రం నన్ను ఆయా అంటారు, లేకపోతే "ఇదిగో అమ్మాయ్" అంటారు. ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, తియ్యడం, ట్రాలీ తొయ్యడం, జ్వరం చూసి సిస్టర్‌కి చెప్పడం నా పని. డాక్టరు గారు, ఆక్సిజన్, అత్యవసర మందుల ట్రే, అన్నీ చేతికందేంత దూరంలో ఉన్నచోట నా చేతికి అనుమతి లేదు. పోపులడబ్బా తప్ప ఇంకేమీ లేని చోట అదే చెయ్యి వీధి వీధంతటికీ సూదులు గుచ్చుతోంది. ఇందులో వింత ఉందని రెండు నెలల క్రితం దాకా నాకు తట్టనేలేదు.

పోతురాజు అని నలభై ఏళ్ళ లారీ డ్రైవరు. హైవే మీద జ్వరం వచ్చి దారిలో ఉన్న మా ఆస్పత్రిలో చేరాడు. సిస్టర్ నాగదుర్గ గారు మందు పడుతుందో లేదో చూడ్డానికి ముందు చర్మం కింద ఒక చుక్క వేసి, పావుగంట ఆగి చూసి, ఏమీ లేదనుకున్నాకే యాంటీబయాటిక్ ఇంజక్షను ఇచ్చారు. ఇచ్చి సూది తీశారో లేదో, "సిస్టరు గారూ, నాలిక మందంగా ఉందేంటండీ" అన్నాడు. అన్నాడు గాని ఆ మాట చివర సాగిపోయింది. చూస్తూ ఉండగానే పెదవులు ఉబ్బాయి. కళ్ళు మాత్రం మామూలుగా ఉన్నాయి, వాటిలోంచి ఇంకా మనిషి మమ్మల్ని చూస్తున్నాడు. నాగదుర్గ గారు అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి, నన్ను ట్రే తెమ్మని అరిచారు. తొడలో ఇంకో ఇంజక్షను ఇచ్చారు. డాక్టరు గారు పరిగెత్తుకొచ్చారు. బతికాడు. మర్నాడు ఇడ్లీ తింటూ నాతో జోకులు కూడా వేశాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది. పోతురాజు గురించి కాదు. మా ఇంటి ముందుగది గురించి.

అప్పటినుంచే నాగదుర్గ గారిని చూడడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆవిడది. యాంటీబయాటిక్ ఇచ్చిన ప్రతిసారీ ఆ మంచం దగ్గర్నుంచి కదలరు. దుప్పటి సర్దుతారు. సర్దిన దుప్పటినే మళ్ళీ లాగి సర్దుతారు. దిండు తిప్పి పెడతారు. ఇన్నాళ్ళూ ఆవిడకి శుభ్రం పిచ్చి అనుకున్నాను. తీరా చూస్తే చేతులు దుప్పటి మీద, చూపు రోగి పెదవుల మీద.

నర్సింగ్ ఎంట్రన్స్‌కి చదువుతున్నానని తెలిసి ఆవిడే తన పాత నర్సింగ్ పుస్తకం ఒకటి ఇచ్చారు. సీటు వచ్చాక చదవాల్సింది. నేను గైడు పక్కన పెట్టి దాన్నే చదివాను, మందు పడకపోతే ఏమవుతుందో చెప్పే ఆ ఒక్క అధ్యాయం మళ్ళీ మళ్ళీ. ప్రాణం పోవడానికి కొన్ని నిమిషాలు చాలునట. ఆ నిమిషాల్లో నేను ఏం చేసేదాన్ని? దూది పారేసి, చేతులు కడుక్కుని, పప్పు కలిపేదాన్ని. అప్పటినుంచీ వీధిలో నడుస్తుంటే మనుషుల్ని లెక్కపెట్టుకుంటున్నాను. బియ్యం కొట్టు బుల్లిరాజు గారు దగ్గుతూ కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. వెంకటదుర్గ కూతురు స్కూలు బస్సు ఎక్కుతుంటే ఆగి చూస్తాను. ఎప్పుడో ఆర్నెల్ల కిందటి మందు ఇప్పుడేమీ చెయ్యదని ఆ పుస్తకమే చెప్పింది. అయినా లెక్క ఆగదు. ఈ వీధిలో నడిచేవాళ్ళలో సగం మంది నేను చంపనివాళ్ళు. అదృష్టం తప్ప నా గొప్ప ఏమీ లేకుండా చంపనివాళ్ళు.

తెలియనప్పుడు ఒక్కసారి కూడా వణకని చెయ్యి, తెలిశాక వణకడం మొదలుపెట్టింది. మొదట మా ఆయనే కనిపెట్టారు. "ఏంటి, చదువు తలకెక్కిందా? నాలుగు పేజీలు చదివేసరికి జనం ఆనడం లేదా?" అన్నారు. అత్తగారు నాతో అనలేదు, ఆయనతో అన్నారు, నేను వినేలా: "సూది చూసి వణికేది నర్సవుతుందంటరా?" పరీక్ష పై ఆదివారం, కాకినాడలో. సీటు వస్తే హాస్టల్లో ఉండాలి. ఇద్దరూ కాదనలేదు, ఔననలేదు. "రాయి చూద్దాం" అన్నారు ఆయన. ఆ 'చూద్దాం' అన్న మాట ఎక్కడ జారి పడుతుందోనని దాన్ని నిండు బిందెలా మోసుకుంటూ నెల రోజులుగా ఇంట్లో తిరుగుతున్నాను. భయమేస్తోందని ఒక్కరికీ చెప్పలేదు. చెబితే వాళ్ళకి కావల్సిన సాక్ష్యం నా నోటితో నేనే ఇచ్చినట్టు. దాని అడుగున ఇంకో భయం ఉంది, అది మరీ చల్లగా ఉంటుంది: వాళ్ళు అనేదే నిజమైతే? ధైర్యం ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పనికి నేను పనికిరానేమో. గుచ్చడం తప్ప ఇంకేమీ తెలియని ఆ పాత వేణే అసలు నర్సేమో.

"వేణీ! అయిందా? ఎంతసేపూ?"

మందు సిరంజిలోకి లాగి ముందుగదిలోకి వెళ్ళాను.

"రండి సిస్టర్ గారూ," అన్నారు అచ్చిబాబు గారు. "నెమ్మదిగా పొడవాలి సుమా. మీ ఆయన ఉద్యోగం నా దగ్గరుంది."

మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు కూడా నవ్వారు.

"ఈ మందు ఇంతకుముందు ఎప్పుడైనా వేయించుకున్నారా అండి?"

"అమ్మడమే గాని వేయించుకోవడం ఎక్కడిదమ్మా."

"వేరే దేనికైనా దద్దుర్లు రావడం, ఆయాసం..."

"ఆయన జీవితచరిత్ర రాస్తావా ఏంటి?" అన్నారు మా ఆయన. "అవతల పప్పు మాడుతోంది. కానివ్వు."

అచ్చిబాబు గారి మొహం చూశాను. పొద్దున్నే గడ్డం గీసుకున్నారు, గడ్డం కింద చిన్న గాటు. పెదవులు పల్చగా ఉన్నాయి. అవి ఎలా ఉబ్బుతాయో నాకు తెలుసు. మా సందు మలుపులో కరెంటు స్తంభం అడ్డం, అంబులెన్సు లోపలికి రాదు. ఆయనది భారీ ఒళ్ళు, నలుగురు మొయ్యాలి. ఏమీ కాకపోవచ్చు. నూటికి తొంభై తొమ్మిది మందికి ఏమీ కాదు. అరవై మూడు సార్లూ ఏమీ కాలేదు. ఇప్పుడు వేసేస్తే పై ఆదివారం పరీక్షకి నా దారి నాకు ఉంటుంది.

"నాకు భయంగా ఉందండి," అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అంత చిన్న గొంతుతో అన్నాను మరి.

"దేనికి భయం?"

"ఇంజక్షను పడకపోతే ఇక్కడ మన దగ్గర ఏమీ లేదు. ఆస్పత్రికి వెళ్దామండి. సిస్టర్ వేస్తారు. నేనూ వస్తాను, పక్కనే నిలబడతాను."

"ఇన్నాళ్ళూ లేని భయం ఇవాళ, మా ఓనరు గారి దగ్గరొచ్చిందా?"

"ఇన్నాళ్ళూ తెలీదండి."

"అయిపోయింది," అన్నారు అత్తగారు, చేతిలో చిక్కుడుకాయ పళ్ళెంలో పడేసి. "సూదికి భయపడేదానికి నర్సు చదువెందుకే? ఆ కాకినాడ బస్సు ఛార్జీ కూడా దండగ. విన్నావట్రా? తన నోటితోనే చెప్పింది."

విన్నారు. ఆ మాట గదిలో నలుగురం విన్నాం. నెల రోజులుగా మోసిన బిందె కింద పడింది. విచిత్రంగా, దాని బరువు లేకపోవడం మాత్రమే ముందు తెలిసింది.

అచ్చిబాబు గారు ఇబ్బందిగా కదిలారు. "పోనీలే ప్రసాదూ. అమ్మాయికి ఒంట్లో బాలేదేమో."

"అదేంటండీ, పరువు తీస్తుంటే. కలిపేసిన మందు, ఏం చేస్తాం? పారబోస్తామా?" ఆయన లేచి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వు, నేనేస్తాను. రోజూ అమ్మేవాణ్ణి. ఇదేమైనా బ్రహ్మవిద్యా?"

అచ్చిబాబు గారు సరేనన్నట్టు మంచం మీద బోర్లా తిరుగుతున్నారు.

ఆ అరచెయ్యి నాకు బాగా తెలుసు. అయిదేళ్ళుగా అందులో కాఫీ గ్లాసు పెట్టాను, ఇస్త్రీ చొక్కా పెట్టాను, నా జీతం పెట్టాను. అది చాపగానే ఇవ్వడం నాకంటే ముందు నా చేతికే తెలుసు. ఇప్పుడు కూడా అది సగం దూరం వెళ్ళింది. సూది కొన మీద ఒక చుక్క వణుకుతోంది.

"ఇవ్వమంటుంటే!"

వణుకు తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. ఆ వణికే చేతితోనే సూదిని కిటికీ ఊచల వైపు తిప్పి, మందంతా బయటికి పోయేదాకా బొటనవేలితో నొక్కేశాను.