అక్కడి అద్దె, ఇక్కడి వంకాయలు

పిండిమరలో రాయి సన్నగా ఈల వేసింది. తొట్టిలో గింజ తగ్గిందన్నమాట. తెల్లాయన తిరిగి చూడకుండానే చెయ్యి చాచి గోధుమలు వంచాడు. ఈల ఆగి, మర మళ్ళీ తన మామూలు గొంతులో పడింది. కింద గుడ్డగొట్టంలోంచి జారుతున్న పిండిని వేళ్ళ మధ్య నలిపి చూసి, పక్కనున్న పిడిని పిసరంత బిగించాడు. వేడి పిండి వాసన గుప్పుమంది. పొద్దున్నే ఆ వాసన తగలకపోతే ఆయనకి తెల్లారినట్టే ఉండదు.

నిజానికి మనిషి కారునలుపు. మరలో కాసేపు నిలబడ్డాడంటే కనురెప్పల దగ్గర్నుంచి చెవుల మీది వెంట్రుకల దాకా తెల్లబడిపోతాడు. ఎవరో వేళాకోళానికి తెల్లాయన అన్నారు, అదే ఖాయమైపోయింది. జీతమిచ్చే యజమానికి కూడా అసలు పేరు గుర్తున్నట్టు లేదు. పెళ్ళయిన కొత్తలో అన్నం క్యారియర్ పట్టుకుని మొదటిసారి మరకి వచ్చిన భార్య ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మావాళ్ళు నాకు ముసలాణ్ణి అంటగట్టారా ఏమిటని పడీపడీ నవ్వింది. మర హోరులో ఆ నవ్వు ఆయనకి వినపడలేదు, భుజాలు కదలడం మాత్రం కనపడింది. ఆ తరవాత ఆవిడ ఎన్నిసార్లు నవ్వినా ఆయనకి ముందు గుర్తొచ్చేది ఆ భుజాలే.

అప్పటి నల్ల జుట్టు ఇప్పుడు ఎంత కడిగినా తెల్లగానే ఉంటోంది. చెవులు సగం మరకే ధారపోశాడు. పిల్లలు లేరు, ఆ దిగులు కూడా ఎప్పుడో పాతబడింది. మిగిలింది ఊపిరి. అదీ ఈమధ్య పేచీ పెడుతోంది. దగ్గు తెర వచ్చిందంటే గోడ పట్టుకుని నిలబడాలి. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఈ పిండిలోంచి బయటపడకపోతే తను చేసేదేమీ లేదని మొహం మీదే చెప్పేశాడు. బయటపడడమంటే మాటలా? ఇంకో పని చేతకాదు. చేతనైనా, ఈ వయసులో పిలిచి పని ఇచ్చేవాడు ఊళ్ళో ఎవడున్నాడు?

పక్క రాష్ట్రంలో ఉన్నాడు. తోడల్లుడు, అంటే మరదలి భర్త, అక్కడొక బడిలో గుమాస్తా. గేటు దగ్గర కూర్చునే పని ఖాళీగా ఉంది, నీడపట్టున ఉండొచ్చు, దుమ్మూ ధూళీ తగలదు, వచ్చెయ్యమని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

అప్పట్నించీ మొగుడూపెళ్ళాల మధ్య ఒక ఆట మొదలైంది. ఆట అంటే ఇద్దరూ ఒప్పుకోరు గానీ, ఆటే. సాయంత్రం టీ తాగి వంటగది గడపకి అటొకరూ ఇటొకరూ కూర్చుంటారు. మధ్యలో రెండు గిన్నెలు. ఒకటి ఇక్కడికి, ఒకటి అక్కడికి. పక్కన గుప్పెడు ఎండు చిక్కుడు గింజలు. ఇక్కడి ధరలు ఆవిడ చెబుతుంది, బజారుకెళ్ళేది ఆవిడే గనక. అక్కడివి ఆయన చెబుతాడు, తోడల్లుడితో మాట్లాడేది ఆయనే గనక. ఏ ఊరు చవకైతే ఆ గిన్నెలో గింజ పడుతుంది. అద్దె, పాలు, కూరలు, బస్సు చార్జీ, మందులు. గింజకి లొంగని సంగతులూ మధ్యలో వచ్చేవి. అక్కడ కిటికీ తీస్తే ఏం కనపడుతుంది, పక్కింటివాళ్ళు పలకరిస్తారా, తలుపేసుకుంటారా? వాటికి ఏ గిన్నెలో వెయ్యాలో తెలియక ఆవిడ గింజని చేతిలోనే పెట్టుకునేది. నెలలు గడిచాయి. విచిత్రమేమిటంటే ఏనాడు చూసినా రెండు గిన్నెలూ సరిసమానం. ఎక్కడైనా ఒకటేనన్నమాట అని ఆయన నిట్టూర్చి లేచేవాడు. ఆవిడ దాన్ని నిరాశ అనుకునేది. అది ఊరట.

ఎందుకంటే ఆయన చెప్పేవన్నీ కోతలు. తోడల్లుడు చెప్పిన ప్రతి ధరకీ తన సొంతంగా ఇంత తగిలించి మరీ చెబుతున్నాడు. అక్కడ భాష వేరు. ఈవిడకేమో మాటలే ప్రాణం. మెట్లు దిగేలోగా నలుగురిని పలకరించాలి, కూరలావిడ కూతురి కాన్పు దగ్గర్నుంచి కింద ఇంటి ఓనరమ్మ మోకాళ్ళ దాకా అన్నీ ఆరా తీయాలి. అవన్నీ ఇంటికి మోసుకొచ్చి, వినపడని మొగుడికి గొంతు పెంచి మళ్ళీ చెప్పాలి. అలాంటి మనిషిని తన దగ్గు కోసం మాట తెలియని చోటికి ఈడ్చుకెళ్ళి మూగదాన్ని చెయ్యడమా? చచ్చినా చెయ్యననుకున్నాడు ఆయన.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. బెల్టు నాలుగు తిప్పులు తిరిగి ఆగిపోయింది. సాయంత్రం దాకా రాదని యజమాని ఇంటికి పొమ్మన్నాడు. ఎండ ఉండగా వీధిలో నడిచి ఎన్నేళ్ళయిందో. మెల్లగా, ఆగి ఆగి నడుస్తుంటే ప్రతి గుమ్మం దగ్గరా ఏదో ఒకటి గుర్తొచ్చింది. ఇక్కడే వానలో తడిసి ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. ఇక్కడే ఆవిడ చెప్పు తెగితే తన చెప్పులిచ్చి తను ఒట్టికాళ్ళతో నడిచాడు. ఈ వీధి ఒదిలి ఎక్కడికి పోతాం అనిపించింది. పాపం, ఆవిడ పొద్దుట్నించీ కాలు నొప్పంటోంది కదా, కూరలు తీసుకెళ్తే సంతోషిస్తుందని బండి దగ్గర ఆగాడు.

వంకాయలు తూయించుకుని నోటిచ్చాడు. కూరలావిడ చిల్లర తిరిగిచ్చింది. చాలా ఎక్కువ చిల్లర. తనని చూసి మొహమాటపడిందనుకుని, అందరి ధరే తీసుకోమన్నాడు.

"అందరి ధరే అన్నా ఇది. నిన్న వదినకీ ఇంతకే ఇచ్చాను" అందావిడ.

నిన్న సాయంత్రం వంకాయలు ముట్టుకుంటే కాలుతున్నాయని చెప్పి, అక్కడి గిన్నెలో ఠక్కున గింజ వేసింది భార్య. ఆయనకి ఏదో తేడా కొట్టింది. ఇంటికొచ్చాక మెట్ల దగ్గర ఓనరమ్మ కనపడింది. ఇక్కడి అద్దె పెంచారని కూడా భార్య చెప్పి ఉంది. పెంచిన అద్దె వచ్చే నెల నుంచి ఇస్తాంలెండి అన్నాడు, చూద్దామని. నేనెప్పుడు పెంచాను బాబూ అని ఆవిడ బిత్తరపోయింది. తెల్లాయన సగం మెట్లెక్కి ఆగిపోయాడు. ఈసారి ఆగింది ఊపిరందక కాదు.

ఆ సాయంత్రం గిన్నెలు పెట్టబోతున్న భార్య ముందు వంకాయల సంచీ దించి, ఏ ధరకి కొన్నాడో చెప్పాడు. ఆవిడ కొంగుతో గిన్నె తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"మీరు దగ్గుతుంటే పక్కన పడుకుని వింటూ ఉంటాను" అంది చివరికి. "మీకేమో ఈ ఊరు, ఆ మర తప్ప లోకం లేదు. వెళ్దామంటే వినరు. ఇక్కడ బతకలేమనిపిస్తేనైనా కదులుతారేమోనని చెప్పాను."

ఆయన తల దించుకున్నాడు. దగ్గొస్తోందనుకుని ఆవిడ నీళ్ళందించింది. తాగలేదు.

"అక్కడి అద్దె నేను చెప్పినంత లేదు. అందులో సగమే" అన్నాడు. "ఏదీ అంత లేదు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పారు?"

"అక్కడ నీతో మాట్లాడేదెవరు? వాళ్ళ మాట నీకు రాదు, నీ మాట వాళ్ళకి రాదు."

ఆవిడ ఆయనకేసి గుడ్లప్పగించి చూసింది. తరవాత భుజాలు కదిలాయి.

"ఇన్నేళ్ళూ మీతో మాట్లాడాను. సగం మీకు వినపడదు, వినపడినదానికి బదులు చెప్పరు. నా నోరేమైనా మూతపడిందా? వాళ్ళు అంతకంటే కష్టమా?" అంటూనే కళ్ళు ఒత్తుకుంది. "వినేందుకు మీరుండాలి. అంతే."

తెల్లాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో తనని చూసి నవ్వినందుకు, తన కోసం వంకాయల మీద కూడా అబద్ధమాడినందుకు ఆవిడంటే చెప్పలేనంత ప్రేమగా అనిపించింది. చిక్కుడు గింజలు నానబెట్టు, రేపు వండుకుందాం అన్నాడు.

నెలాఖరుకి బయల్దేరారు. పోయేముందు ఆయన అరిగిన మర రాళ్ళు రెండూ దించి, పిండి బాగా పడేలా ఉలితో గంట్లు కొట్టి, కొత్తగా వచ్చేవాడికి పని సులువు చేసి పెట్టాడు. యజమాని భుజం తట్టాడు. ఒంటి మీద పిండి రవ్వ ఉన్నా బస్సెక్కనివ్వనని భార్య హెచ్చరించడంతో రెండుసార్లు తలంటుకున్నాడు. వీధి మలుపు దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నారు. సరిహద్దు దాటాక ఒక పిల్లల తల్లి ఎక్కి పక్క సీటులో కూర్చుంది. భాష తెలియదు. అయినా భార్య చేతులు తిప్పుతూ అప్పుడే కబుర్లలో పడింది. తెల్లాయన కిటికీ పూర్తిగా తెరిచి, గాలికి మొహం పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడ మరలో కొత్తవాడు మీట నొక్కాడు. గోడలు అదిరాయి. తలుపు వెనక మేకుకి తెల్లాయన పని చొక్కా ఒకటి వేలాడుతోంది, మర అదిరినప్పుడల్లా దాని జేబు అంచు నుంచి పిండి సన్నగా రాలుతోంది.