అయిదింటికి వచ్చే చెయ్యి

సాయంత్రం అయిదింటికి త్రినాథరావు కుడిచెయ్యి ఇంటికొస్తుంది. మనిషి ఏడింటికి వస్తాడు.

హైమ తలుపు తీస్తుంది. భర్త చెయ్యి గడప దాటి, హాల్లో కుర్చీ ఎక్కి కూర్చుంటుంది. దానికి కళ్ళూ చెవులూ లేవు, కానీ నేల అదిరితే తెలుస్తుంది. అందుకని హైమ మునివేళ్ళ మీద నడుస్తుంది.

హైమ వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెబితే, వచ్చేది చెయ్యే కదా, మనిషి కాదు కదా, కాస్త సర్దుకుపొమ్మంది. కింది వాటా ఆవిడ మాత్రం ఒక కాగితం మీద 181 అని రాసిచ్చి, ఆడవాళ్ళ కోసమే ఆ నంబరు అంది.

ఇవాళ చెయ్యి కుర్చీ ఎక్కదు. ఆరేళ్ళ కూతురు లహరి జడ పట్టుకుని, బరువు తూచినట్టు మెల్లగా పైకి లాగుతుంది. లహరి కదలదు. ఊపిరి బిగబట్టడం ఆ పిల్లకి ఎప్పుడో వచ్చేసింది.

హైమ వంటింట్లోంచి ఆ నంబరుకి చేసి, పాప జడ సంగతి చెబుతుంది.

"చెయ్యి ఒక్కటే ఉందాండీ, మనిషి కూడా ఉన్నాడా?" అవతలి గొంతు నిదానంగా అడుగుతుంది.

"చెయ్యి ఒక్కటే. మనిషి ఏడింటికి వస్తాడు."

"అయితే ఇంకా గంటన్నర టైముంది. ఆధార్ కార్డు, పాప బట్టలు తీసుకోండి. బండి పంపిస్తున్నాం."

"ఎందుకు కొడుతున్నాడని అడగరా?"

"అది అడగాల్సింది ఆయన్నండీ."

హైమ మిక్సీని వంటింటి గచ్చు మీద పెట్టి స్విచ్ వేస్తుంది. నేల అదురుతుంది. చెయ్యి జడ వదిలేసి, వేళ్ళ మీద పరుగెడుతూ వంటింట్లోకి పోతుంది. తల్లీకూతుళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతారు. సగం దిగేసరికి పైన మిక్సీ ఆగిపోతుంది. ఎవరూ వెనక్కి చూడరు. బండి తలుపు పడేసరికి చెయ్యి గేటు దాకా వచ్చి, మట్టిని తడుముతూ ఉంటుంది.

కాలవగట్టు మీద, ఆడవాళ్ళకి ఆసరా ఇచ్చే సఖి కేంద్రంలో డాక్టరమ్మ హైమ వీపు మీది వేళ్ళ గుర్తుల్ని పట్టకారుతో ఒక్కొక్కటే తీసి, కవర్లో వేసి తేదీ రాస్తుంది. కోర్టులో అడిగితే ఇవే నోరు విప్పుతాయని లాయరు షాహీన్ గారు చెబుతారు. ఫిర్యాదు మీ మాటల్లోనే రాయమంటారు.

హైమ రాస్తూ ఉండగా ఏడు దాటుతుంది. వీధి మొగలో త్రినాథరావు కేకలు. పెన్ను ఆగుతుంది.

"మీరు రాయండి," అంటారు షాహీన్ గారు, కిటికీ రెక్కలు మూస్తూ. "ఈ బిల్డింగుకి ఇది అలవాటే."

భవనం లేచి నిలబడుతుంది. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్నట్టు మెట్లని పైకి తీసుకుని, మోకాటి లోతు నీళ్ళలో కాలవ దాటి, అవతలి గట్టు మీద తడి పాదాల గుర్తులు వదులుతూ చేలలోకి నడిచిపోతుంది. లోపల హైమ రాస్తున్న అక్షరం ఒక్కటీ వంకర పోదు.