రాకుమారి చేతి మీద పంటిగాటు

నా నోరు మంచిది కాదని వీధంతా అంటుంది. అననీ. ఆ రోజు ఆ నోరే లేకపోతే మా అక్క హెస్టర్ తన కొడుకు చివరి మాట వినకుండానే ఉండిపోయేది. వినిపించినందుకు నేను సుఖంగా ఉన్నానా అంటే, లేను.

లండన్‌లో పిల్చర్ గారి ఫొటో స్టూడియోలో నాది దిద్దే పని. గాజు పలక మీద బొమ్మ తెలుపు నలుపై, నలుపు తెలుపై ఉంటుంది. సన్న పెన్సిల్‌తో ముడతలు, మచ్చలు, కళ్ల కింద గుంటలు పూడుస్తాను. అరవై ఏళ్ల జమీందారు భార్య కూడా నా చేతిలో పడితే నలభైకి దిగొస్తుంది.

యుద్ధం మూడో ఏట ఒక రాకుమారి బొమ్మ తీయించుకోవడానికి వచ్చింది. సముద్రం ఒడ్డున సైనికుల ఆసుపత్రిలో నర్సుగా చేస్తోందామె. ఆసుపత్రికి చందాలు పోగుచేసే కార్డుల మీద ఆ బొమ్మ అచ్చేస్తారట. నర్సు బట్టలు, ఒళ్లో చేతులు. పలక చూసి ఉలిక్కిపడ్డాను. మా వీధిలో బట్టలుతికే ఆడవాళ్ల చేతులవి. మందునీళ్లకు వేళ్లన్నీ చిట్లిపోయాయి. కుడి మణికట్టు దగ్గర నెలవంకలా పంటిగాటు.

"ఇలాగే వదిలేద్దామండీ. కష్టపడ్డ చేతులు కదా," అన్నాను.

"నీకేమైనా పిచ్చా డోర్కస్? రాచబిడ్డని కుక్క కరిచిందనుకుంటారు జనం! శుక్రవారానికల్లా వెన్నముద్దలా చేసి పెట్టు," అన్నాడు పిల్చర్.

చేసి పెట్టాను. సరిగ్గా ఆ వారమే అక్క ఉత్తరం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పెర్సీ ఉన్నది ఆ ఆసుపత్రిలోనే. కాలి గాయం చీము పట్టిందనీ, వీలైతే రమ్మనీ రాశారు. అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఒంటరిగా రైలెక్కి ఎరగదు.

"శనివారం ఇద్దరం వెళ్దాంలే అక్కా. చేతిలో రాకుమారి పనుంది. మూడు రోజుల్లో ఏం మునిగిపోతుంది?" అన్నాను.

పెర్సీ గురువారం మధ్యాహ్నం పోయాడు. పందొమ్మిదేళ్లు వాడికి.

వాడి సామానుతోబాటు, వాడు రాసి పంపని ఉత్తరం ఒకటి వచ్చింది. కట్టు మారుస్తుంటే నొప్పికి తాళలేక నర్సమ్మ చెయ్యి కొరికేశాడట. ఆవిడ తిట్టకపోగా, "కుడిదానికిచ్చావు, ఎడమది అలుగుతుందేమో!" అని నవ్విందట. రోజూ పక్కన కూర్చుంటుందట. "ఆవిడెవరో ఇంటికొచ్చాక చెబుతానమ్మా, నువ్వు చచ్చినా నమ్మవు," అని ముగించాడు.

ఇక అక్కకి ఒకటే ధ్యాస. ఆ నర్సును చూడాలి, వాడు చివర ఏమన్నాడో అడగాలి. నాకు మాత్రం ఉత్తరం వింటూనే పలక మీది పంటిగాటు గుర్తొచ్చింది.

"ఆవిడ రాకుమారే అక్కా. ఆ గాటు నేను చూశాను. నేనే చెరిపాను," అన్నాను.

అక్క కార్డు తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. "ఈ చేతులా? ఇవి అంట్లగిన్నె ముట్టిన చేతులేనటే? నన్ను ఊరడించడానికి కట్టుకథలల్లకు తల్లీ!"

నా పనితనం నా పీకకే చుట్టుకుంది. కార్డులు వేలల్లో అమ్ముడుపోతున్నాయి. అన్నిటి మీదా అవే నున్నటి చేతులు.

ఆ ఏడు మే నెలలో, పసిపిల్లల వైద్యశాల తెరవడానికి రాకుమారి మా పేటకే వచ్చింది. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లుల్ని వరసగా నిలబెట్టారు. అక్క పక్కన నేనూ నిలబడ్డాను. ఏర్పాట్లు చూసే పెద్దావిడ మూడుసార్లు చెప్పిపోయింది. "ఆవిడ పలకరిస్తేనే పలకాలి. అడిగినదానికే జవాబు. మీ అంతట మీరు నోరెత్తారో, జాగ్రత్త!"

రాకుమారి తెల్లని చేతితొడుగులతో వచ్చి అక్క ముందు ఆగింది.

"దూరం నుంచి వచ్చారా?"

"లేదమ్మగారూ."

అంతే. రాకుమారి ముందుకు కదిలింది. పాడు మర్యాద! ఇన్ని నెలలుగా తిండి మాని ఎదురుచూసిన అక్క, ఆవిడ అడగలేదని ఊరుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమమ్మా! ఆ తొడుగు తీసి మా అక్కకి నీ చెయ్యి చూపించు!" అని అరిచాను.

జనం నోళ్లు వెళ్లబెట్టారు. పెద్దావిడ నా రెక్క పట్టుకుని లాగింది. రాకుమారి వెనక్కొచ్చింది. కుడిచేతి తొడుగు ఊడదీసింది. గాటు మచ్చకట్టి అలాగే ఉంది.

"మీరు పెర్సీ వాళ్లమ్మా?" అంది మెల్లగా.

అక్క ఆ చేతిని చెంపకు ఆనించుకుని భోరుమంది. "ఆఖర్న ఏమన్నాడమ్మా మావాడు?"

"జ్వరంలో నన్ను మీరే అనుకున్నాడు. 'అమ్మా, వచ్చావా' అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. 'వచ్చాన్రా నాన్నా' అన్నాను. క్షమించండి."

"మంచి పని చేశావు తల్లీ. తర్వాతో?"

రాకుమారి తల దించుకుంది. "'నిన్నట్నుంచీ తలుపు వంకే చూస్తున్నా. ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశావు?' అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే..."

అక్క ఆ చేతిని వదల్లేదు. నావైపు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. ఇప్పటికి తొమ్మిదేళ్లు. శనివారం వెళ్దామని నేనన్న సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండును.