డబ్బాలో లేని తెలుపు

మా చెల్లెలి రంగుల డబ్బాలో పన్నెండు రంగులున్నాయి, తెలుపు మాత్రం లేదు. రెండేళ్ళ క్రితం ఆ సంగతి కనిపెట్టిన రోజునే దాన్ని ఏడిపించాను. "డ్రాయింగు టీచరువి, తెలుపు కొనడం మర్చిపోయావు. ఇంక పిల్లలకేం నేర్పుతావే?" అన్నాను. చిట్టి నవ్వి, "నీళ్ళ రంగుల్లో తెలుపు వెయ్యరక్కా. కావలసిన చోట కాగితాన్ని అలాగే వదిలేస్తారు" అంది. వదిలెయ్యడాన్ని కూడా పని అంటారని నాకు ఆ రోజే తెలిసింది. ఆ మాట కూడా అనకుండా ఉండలేదు.

నేను సైన్‌బోర్డులు రాస్తాను. పన్నెండేళ్ళప్పుడు నాన్న దగ్గర మొదలుపెట్టాను, నలభై ఏళ్ళుగా ఎనామిల్ వాసనలోనే బతుకుతున్నాను. నిచ్చెన మీద నిలబడి ఇరవై అడుగుల బోర్డుకి ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా గీత గీయగలను. ఫ్లెక్సీలు వచ్చి సగం పని మింగేశాయి, మిగిలిన సగంతో నా పొట్ట గడుస్తోంది. ఎనామిల్ మంచి రంగు. తప్పు చేస్తే ఆరనిచ్చి, పైన ఇంకో కోటింగు వేస్తే చాలు, కింద ఏముందో దుకాణం యజమానికి కూడా తెలియదు. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని కాబట్టి, నేను చేసిన తప్పుల్లో చాలా భాగం ఊరి బోర్డుల కిందే ఉన్నాయి.

చిట్టి నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. దానికి బ్రష్షు పట్టుకోవడం నేర్పింది నేనే. అది చదువుకుని, స్కూల్లో ఉద్యోగం తెచ్చుకుని, ఒక లారీ డ్రైవర్ని చేసుకుని, నాకు రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. మరిది ఎడారికి అవతలివైపు సరుకు చేరవేస్తాడు. వెళితే మూడు వారాలు. తిరిగొచ్చిన ప్రతిసారీ చిట్టి అతన్ని టీ కూడా తాగనివ్వకుండా ప్రశ్నలు వేసేది. పొద్దున ఇసుక ఏ రంగులో ఉంటుంది, నీడలు ఎంత పొడవు పడతాయి, మధ్యాహ్నం ఎలా ఉంటుంది. "మధ్యాహ్నం రంగేం ఉండదే. కళ్ళు చికిలించుకోవడమే" అనేవాడు అతను.

తనని కూడా తీసుకెళ్ళమని ఏటా సెలవులకి అడిగేది. వచ్చే ట్రిప్పుకి అనేవాడు మరిది. ఒక ఏడాది నిజంగానే సీటు వెనక పరుపు వేసి, కిటికీకి తెర కట్టి సిద్ధం చేశాడు. నేనే అడ్డం పడ్డాను. "ఆ ఎండకి మాడిపోతావే, నీ ఒంటికి పడదు" అన్నాను. దాని ఒంటి గురించి బెంగపడి అన్న మాట కాదది. సెలవుల్లో మొగుడు ఊళ్ళో లేకపోతే చిట్టి మూడు వారాలూ నా దగ్గరే ఉండేది. ఏడాది పొడుగునా నేను ఆ మూడు వారాల కోసం ఎదురుచూసేదాన్ని. ఈ సంగతి ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.

నాలుగు నెలల క్రితం ఒక పొద్దున చిట్టి మొదటిసారి ఎడారి వెయ్యడానికి కూర్చుంది. కాగితాన్ని చెక్కకి నాలుగు వైపులా టేపుతో అంటించింది. పెన్సిలుతో ఇసుక దిబ్బలు, వాటి మధ్యలోంచి ఒక రోడ్డు గీసింది. పైసగం ఆకాశం నింపింది. ఇసుక సాయంత్రం వేస్తానని, కాగితాన్ని ఆరబెట్టి స్కూలుకి వెళ్ళింది. రెండో పీరియడుకీ మూడో పీరియడుకీ మధ్య, వరండాలో, చేతిలో చాక్‌పీసు ఉండగానే పడిపోయింది. గుండె ఆగిందన్నారు. నలభై మూడేళ్ళకే.

మరిది అప్పుడు దారిలో ఉన్నాడు. రెండో రోజుకి గానీ చేరలేకపోయాడు. వచ్చాక ఆ బొమ్మ ఉన్న గది తలుపు మూసేశాడు, మళ్ళీ తియ్యలేదు. పోయిన నెల నా దుకాణానికొచ్చి, ఆరబెట్టిన బోర్డుల మధ్య నిలబడ్డాడు.

"రేపు లోడుతో వెళ్తున్నాను వదినా. తిరిగొచ్చాక ఆ గది తలుపు తియ్యాలి. ఎన్నాళ్ళని మూసిపెడతాను" అన్నాడు.

"తీద్దువుగానీ. నేనూ వస్తాను."

"సగం బొమ్మని చూడలేను వదినా. మీరు పూర్తి చేసి పెట్టండి."

"నాకు నీళ్ళ రంగులు రావు నాయనా. తలుపులకి నంబర్లు వేసుకునేదాన్ని నేను."

"తనకి బ్రష్షు పట్టడం నేర్పింది మీరేగా. ఇంకెవరి చెయ్యి పడినా నాకు నచ్చదు. తను వేసిన ఆఖరు బొమ్మ అదే, ఇంకోటి లేదు" అని తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులు, రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి ఆ గదిలో కూర్చున్నాను. బొమ్మని పక్కన పెట్టి ముందు వేరే కాగితాల మీద చెయ్యి తిప్పుకున్నాను. ఎనామిల్ ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. నీళ్ళకి ఆ బుద్ధి లేదు. ఇసుక వెయ్యబోతే బురద వచ్చింది. ఆరకముందే రెండో కోటింగు వేస్తే కాగితం బొబ్బలెక్కింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బ్రష్షుని తిట్టాను, కిటికీని తిట్టాను, డబ్బాలో తెలుపు లేనందుకు చిట్టిని కూడా తిట్టాను. తిట్టాక తల ఎత్తి చూశాను. ఎదురు చెప్పేది లేదు. కుర్చీకి దాని చున్నీ వేలాడుతోంది.

పన్నెండో రోజున ఇసుక వచ్చింది. రంగు పలచగా కలిపి, చెక్కని కాస్త వాల్చి, చెయ్యి తీసేసి ఊరుకుంటే దిబ్బ దానంతటదే కిందికి జారి, నీడ వైపు చిక్కబడింది. "ఇదిగో చూడవే" అన్నాను పైకే. ఆ తర్వాత చాలాసేపు బ్రష్షు కడగలేకపోయాను.

అసలు బొమ్మ ముందు కూర్చున్న రోజు, అలవాటు కొద్దీ ముందుగా చెక్కని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూశాను. బోర్డు రాసేవాళ్ళకి మొదటి పని అదే. పాత పెచ్చులు, జిగురు, దుమ్ము, ఏముంటే అది గీకి నున్నగా చేశాకే రంగు ముట్టుకోవాలి. నాన్న చేతిలో నేను తిన్న మొదటి దెబ్బ ఈ పని ఎగ్గొట్టినందుకే. రోడ్డు మీద రెండు ఎండిన జిగురు చుక్కలు కనిపించాయి. ఒకటి వేలిగోరంత, దాని పక్కనే నిలువుగా ఇంకొకటి, బియ్యపు గింజంత. చిట్టికి పనిలో శుభ్రం తక్కువ, చిన్నప్పుడు టీ గ్లాసు తెచ్చి నా బోర్డుల మీదే పెట్టేది. ఎన్ని మరకలు తుడవలేదు నీకు అనుకుంటూ, బ్లేడు తీసి గీకాను. పెద్ద చుక్క తేలిగ్గానే వచ్చేసింది. చిన్నది మొండికేసింది, కాస్త గట్టిగా గీకితే గానీ ఊడలేదు. ఆ పొట్టుని నోటితో ఊదేశాను.

తర్వాత రంగు కలిపాను. దిబ్బలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆకాశం అంచుని నా రంగు ఎక్కడా తాకలేదు. గీకిన రెండు చోట్ల మాత్రం కాగితం గరుకుగా లేచి, మిగతా చోట్ల కంటే ఎక్కువ రంగు తాగేసింది. రెండు ముదురు ఇసుకరంగు మచ్చలు తేలాయి. తడిగుడ్డతో అద్దితే ఇంకా ముదిరాయి. చూసేవాళ్ళు రాళ్ళనుకుంటారులే అని ఊరుకున్నాను.

మరిది వచ్చిన రోజు ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని, పరీక్ష హాల్లోకి వెళ్ళేవాడిలా గదిలోకొచ్చాడు. బొమ్మ ముందు నిలబడ్డాడు.

"తను ఎక్కడ ఆపిందో, మీరెక్కడ మొదలుపెట్టారో తెలియట్లేదు వదినా" అన్నాడు.

ఆ మాటకి నేను ఉబ్బిపోయాను, కాదనను. నాలుగు నెలల్లో నాకు సంతోషమనిపించింది అప్పుడే. అతను ఇంకా ముందుకి వంగి, రోడ్డు మీద వేలు పెట్టి వెతుకుతున్నాడు.

"లారీ తీసేశారా? ఎక్కడుంది?"

"ఏ లారీ?"

"గమ్ము కింద ఉంది కదా. ఆ పొద్దున స్కూలుకెళ్తూ ఫోన్ చేసింది. రోడ్డు మీద నీ లారీ పెట్టాను, తెల్లగా రావాలని గమ్ముతో మూసి ఉంచాను, చుట్టూ రంగు వేసి అంతా ఆరాక వేలితో రుద్దితే గమ్ము ఊడొస్తుంది, నువ్వొచ్చాకే తీస్తాను అంది." నా ముఖం చూసి ఆగాడు. "రంగుల మనిషి కదా, మీకు తెలుసనుకున్నాను వదినా."

బల్ల మీద రోజూ నా మోచేతికి తగులుతూనే ఉన్న చిన్న సీసాని, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తీసి చదివాను. కాగితాలు అంటించుకునే జిగురనుకున్నానిన్నాళ్ళూ. తెలుపు వదిలిపెడతారని చిట్టి నాకు చెప్పింది. ఎలా వదిలిపెడతారో నేనడగలేదు, ఎగతాళి చేసి ఊరుకున్నాను.

"గీకేశాను. మురికనుకుని బ్లేడుతో గీకేశాను నాయనా" అన్నాను. "ఉండు, దుకాణంలో తెల్ల ఎనామిల్ ఉంది. సన్న బ్రష్షుతో ఒక్క చుక్క..."

"వద్దు వదినా."

అతని వేలు పెద్ద మచ్చ మీద ఆగింది. "ఇదేనా?"

తలూపాను.

"పోనీలెండి. ఎడారి దాటేసరికి నా లారీ ఎలాగూ ఈ రంగులోకే వస్తుంది" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. తర్వాత వేలు పక్కకి జరిగింది. "మరి ఇదేంటి?"

"అక్కడా గమ్ము ఉంది. చిన్న చుక్క. నిలువుగా."

"లారీ ఒక్కటే అంది నాతో."

ఇద్దరం బొమ్మ మీదికి వంగాం. లారీ తలుపు దగ్గర, దిగి నిలబడ్డ మనిషంత ఎత్తుంది ఆ మచ్చ. అదెవరో వేరే చెప్పాల్సిన పని లేదు. పదిహేనేళ్ళు అడిగి అడిగి, చివరికి ఎవరికీ చెప్పకుండా తనంతట తనే వెళ్ళి అక్కడ నిలబడింది చిట్టి. బొమ్మ పూర్తయ్యాక మొగుడి ముందు రుద్ది చూపిద్దామనుకుంది. ఊడి రానని మొండికేసిన దాన్ని నేను బ్లేడుతో గీకి, నోటితో ఊదేశాను.

"ఆ ఏడాది నేనే ఆపాను" అన్నాను. "ఎండ గురించి కాదు. నా దగ్గర ఉంటుందని ఆపాను."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"తనే చెప్పింది. పరుపు తీసెయ్యమంది. అక్క ఒక్కత్తీ ఉండలేదు, మనం వచ్చే ఏడు వెళ్దాంలే అంది."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. చున్నీ జారి ఒళ్ళో పడింది. తెలిసే ఉండిపోయింది నా చెల్లెలు. ఆ తర్వాత కూడా మూడు సెలవులు నా దగ్గరే గడిపింది, ఒక్కసారైనా దెప్పలేదు. బోర్డుల మీద అక్షరాలకి రంగు నింపింది, నా వంట మీద జోకులేసింది, ఎండ ఎక్కువగా ఉందక్కా, వెళ్ళకపోవడమే మంచిదైంది అని కూడా అంది.

మరిది బొమ్మని ఇంటికి కాదు, లారీలోకి తీసుకెళ్తానన్నాడు. సీటు వెనక, పరుపు వేసిన చోట పెట్టుకుంటాడట. సరేనన్నాను. కాగితం చిరగకుండా మెల్లగా, ఒక్కో వైపూ టేపు లాగాడు. టేపు కింద కాగితం అంచు బయటపడింది. నాలుగు వైపులా చిట్టి మూసిపెట్టిన తెలుపు ఒక్క మరక లేకుండా అలాగే ఉంది. మధ్యలో దాచుకున్నదే నేను తీసేశాను.