అమ్మ గురువారాలు

రాధియాకి మతి చెదరడం తన పాపమేనని తల్లి మహబూబా ఏళ్ల తరబడి నమ్మింది.

రాధియా ఇరవై రెండో ఏట ఒక పడవ కుర్రాణ్ణి పెళ్లాడతానంది. "నేను చచ్చాక చేసుకో" అని తల్లి గదిలో పెట్టి గొళ్లెం వేసింది. ఆ ఏడు చలికాలానికి పిల్ల గోడలతో మాట్లాడటం మొదలుపెట్టింది. గదిలో లేనివాళ్లెవరో తిడుతున్నారని చెవులు మూసుకునేది. అప్పట్నుంచీ మహబూబా ప్రతి గురువారం స్ఫాక్స్ ఊరవతల, సముద్రం ఒడ్డున ఉన్న దర్గాకి వెళ్లి, కొవ్వొత్తి వెలిగించి, క్షమించమని ఏడ్చి వచ్చేది.

దలెందా రాధియాకి కవల చెల్లెలు. ఒక్క అచ్చులో పోసినట్టుండేవాళ్లు. ఇప్పుడు మాత్రం మందులకి ఒళ్లొచ్చి రాధియా వేరేగా కనిపిస్తోంది. దలెందా పాతకోటలో చెప్పుల దుకాణంలో మిషను మీద తోలు కుడుతుంది. భర్త అన్వర్ బస్సు డ్రైవరు.

రాధియాకి వైద్యం చేసే సుందుస్ డాక్టరమ్మ ఒకరోజు దలెందాని పిలిచింది. "ఈ జబ్బున్న వాళ్ల మెదళ్ల మీద పరిశోధన చేస్తున్నాం. మీరు కవలలు కదా, నువ్వు కూడా ఒక్కసారి స్కానింగ్‌కి పడుకుంటావా?" అంది. దలెందా సరేనంది. తర్వాత కొన్నాళ్లకి నెల తప్పింది. కడుపులో బిడ్డ పడ్డాక ఆ స్కానింగులో ఏముందో తెలుసుకోవాలనిపించి మళ్లీ వెళ్లింది.

"మామూలుగా ఎవరికీ విడిగా చెప్పం" అంది డాక్టరమ్మ. దలెందా కుర్చీలోంచి లేవలేదు. కాసేపు చూసి ఆవిడ మెల్లగా చెప్పింది. "మెదడులో ఒకచోటి మాట ఇంకోచోటికి మోసే తీగలుంటాయమ్మా. తెల్లగా ఉంటాయి. మీ అక్కకి అవి కొన్నిచోట్ల పలచబడ్డాయి."

"మరి నాకో?"

"నీకూ కాస్త. ఆవిడంత కాదు. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేది. రక్తంలో వచ్చేది."

"అయితే నాకూ ఆ గొంతులు వినిపిస్తాయా?"

"వచ్చే వయసు చాలావరకు దాటేశావు. ఒకే అచ్చు కవలల్లో కూడా ఒకరికొస్తే ఇంకొకరికి రానివాళ్లే ఎక్కువ. ఎందుకు రాదో మాకింకా పూర్తిగా తెలీదు."

"నా బిడ్డకి?"

"రాకపోవచ్చు. కానీ అందరి పిల్లలకంటే కొంచెం ఎక్కువ భయం ఉన్నమాట నిజం."

బయటికొచ్చి దలెందా ఆసుపత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. అయినా ఒక్క సంగతి ఆమెకి ఊరటనిచ్చింది. అమ్మ తప్పు కాదు. ఈ ఒక్క మాట చెబితే అమ్మ గుండె మీది బండ దిగిపోతుంది.

మర్నాడు రంజాన్ పండగ. మహబూబా ఎండుద్రాక్షతో కలిపి వండే పులుసు కోసం ఉల్లిపాయలు తరుగుతోంది. ఉప్పుచేప నీళ్లలో నానుతోంది. దలెందా పక్కన కూలబడి అంతా చెప్పింది, తన స్కానింగ్ సంగతొక్కటి దాచి.

"నువ్వు తలుపెయ్యబట్టి కాదమ్మా. పుట్టుకతోనే ఉందట. నీ తప్పేం లేదు."

కత్తి ఆగింది.

"డాక్టరమ్మే అందా?"

"అవును."

"అంటే నా కడుపులోంచే వచ్చిందా?"

"నీదో, నాన్నదో, ఎవరి వైపుదో ఎవరికి తెలుసు? తప్పు కాదంటున్నాను."

మహబూబా కళ్లు తుడుచుకుంది. "తప్పయితే క్షమాపణ అడుగుతాను. పైవాడు ఎప్పటికో అప్పటికి దయతలుస్తాడు, నా పిల్ల తేరుకుంటుంది అనుకున్నాను. రక్తాన్ని ఏమని అడగనే? ఎవర్ని అడగను?"



పండగ వెళ్లాక వచ్చిన గురువారం మహబూబా గడప దాటలేదు. ఆ తర్వాతా దాటలేదు. అరుగు మీద కూర్చుని వీధికేసి చూస్తుండేది. "గాలి మారుతుంది, పోదాం పదమ్మా" అని దలెందా బతిమాలితే, "ఇంకెందుకులే" అనేది. శరదృతువులో ఒకరోజు సాయంత్రం అసర్ నమాజుకి లేవబోయి ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నారు. నేను చెప్పకపోతే ఇంకా ఉండేదని దలెందా అనుకుంటూనే ఉంది. కాదని అన్వర్ ఎంత చెప్పినా వినదు.

రాధియాని దలెందా తనింటికి తెచ్చుకుంది. చలికాలం మొదట్లో కొడుకు పుట్టాడు.

"మీ అక్క చేతికి పిల్లాణ్ణివ్వకు" అన్నాడు అన్వర్. "నిన్నగాక మొన్న కిటికీతో పోట్లాడింది."

"నోర్ముయ్, వింటుంది" అంది దలెందా. కానీ తనూ ఇవ్వలేదు. రాధియా కూడా అడగలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయేది. అలా చూసినప్పుడల్లా దలెందాకి మనసు చివుక్కుమనేది.

ఒకరోజు పొద్దున్నే దలెందాయే పిలిచింది. "రా, కూర్చో. చేతులు చాపు."

రాధియా ఒళ్లో పిల్లాణ్ణి పెట్టింది గానీ, కింద నుంచి తన చెయ్యి తియ్యలేకపోయింది. రాధియా ఆ చేతికేసి చూసింది.

"భయంగా ఉందా నీకు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఉంది" అంది దలెందా.

"నాకూ" అంది రాధియా.

ఇద్దరూ చేతులు తియ్యకుండా పిల్లాణ్ణి అలాగే పట్టుకుని కూర్చున్నారు.