గడ్డం అరగని రాజుగారు

కంప్యూటర్లు వైటూకే గండం గట్టెక్కిన ఏడాది, సముద్రం దాటొచ్చి ఇక్కడి సైన్స్ పార్క్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లంతా షేర్ల పిచ్చిలో పడ్డారు. జగన్మోహనరావుది మాత్రం పాత వెండి డాలర్ల పిచ్చి. భార్య కాత్యాయని పురిటినొప్పులు పడుతుంటే ఆసుపత్రి వరండాలో భూతద్దం పెట్టుకు కూర్చున్న ఘనుడు.

ఈ దేశాన్ని తెల్లదొరలు ఏలిన కాలం నాటి ఆ డాలర్లు కొట్లలో బోలెడు. కానీ అన్నీ చేతులు మారీ మారీ, వాటి మీద అచ్చేసిన రాజుగారి ముక్కూ గడ్డమూ అరిగిపోయినవే. అరగనిదీ, ఎవరూ తోమనిదీ దొరికితే దాని దర్జా వేరు. అలాంటిది బూన్ లే పేటలో, తాతల నాడే ఇక్కడ స్థిరపడ్డ కుమారమ్మ ఆంటీ ఇంట్లో, బిస్కెట్ల డబ్బాలో కనిపించింది. ఆవిడ తాత విశాఖలో ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో అందుకున్న తొలి జీతమట. రాజుగారి గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు! అంచున పాత వెండికి పట్టే నీలిచాయ చెక్కుచెదరలేదు. అది చేతికొస్తే నాణేల క్లబ్బులో తనే మొనగాడు.

నిజం చెబితే ఆవిడ ధర పెంచేస్తుందని భయం. అందుకే నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

"పెద్ద విలువేం ఉండదాంటీ. మావాడికి మన పెద్దల గుర్తుగా ఉంటుందని. యాభై డాలర్లిస్తాను."

ఆవిడ కళ్లు చెమర్చాయి. "బిడ్డకా బాబూ? బిడ్డకిచ్చేదానికి డబ్బులేటి? సుమ్మా, ఊరికే ఇస్తాను. బారసాలకి నానే అట్టుకొస్తాను."

ఇంకేముంది, ఆనందంతో తబ్బిబ్బైపోయాడు. క్లబ్బంతా టాంటాం వేసి, నాణెం పెట్టడానికి గాజుమూత డబ్బీ కూడా కొన్నాడు.

బారసాల నాడు బిషాన్‌లోని వాళ్ల ఫ్లాట్ నిండా జనం. కుమారమ్మ ఆంటీ పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని, సంచీలోంచి నల్ల మొలతాడు తీసింది. దానికి వేలాడుతూ రాజుగారు. చింతపండుతో తోమిన తోముడికి తళతళలాడిపోతున్నాడు. కిరీటం మీద ఇంత చిల్లు!

జగన్మోహనరావు ఒక్క అంగలో వచ్చి నాణెం పట్టుకు చూశాడు. "చిల్లు... ఎవరు పెట్టారాంటీ?"

"మా కంసాలి. ఆడి గోల ఏటి సెప్పమంటావు! చిల్లు పెడితే పాడైపోద్ది, నాకిచ్చెయ్, ఐదు వేలిస్తానన్నాడు. పోరా అన్నాను." ఆవిడ మొలతాడు ముడి వేస్తూ నవ్వింది. "దాని విలువ నాకెప్పుడో తెలుసు బాబూ. నీకే తెలీదు పాపం. అయినా బిడ్డ కంటే ఎక్కువేటి?"

జగన్మోహనరావుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడానని ఇంతమందిలో ఎలా చెప్పడం? గబుక్కున వంగి ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాడు.

చూసినవాళ్లంతా, అబ్బ, ఎంత సంస్కారం అనుకున్నారు.